పొయ్యెక్కని కుండ

మాది గూడూరు పక్క. చిన్నప్పుడు గనుల దగ్గర పారేసిన అభ్రకం ముక్కల్ని కాకిబంగారమని ఏరుకుని పుస్తకాల సంచిలో దాచుకునేవాళ్లం. అది వంటింట్లోకి కూడా వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

పోయిన ఏడాది న్యూ మెక్సికో వెళ్లినప్పుడు శాంటా ఫేలో ఒక కుండ కొన్నాను. బంగారు గోధుమ రంగు, బొమ్మలేమీ లేవు, ఎండలో పెడితే ఒళ్లంతా మినుకు మినుకు. ప్యూబ్లోలంటే అక్కడి ఆదివాసుల ఊళ్లు. టావోస్, పికురిస్, నాంబే ప్యూబ్లోల వాళ్లూ, హికరియా అపాచీలూ తరతరాలుగా వాడుతున్న మట్టి అది. అభ్రకం ఆ మట్టిలోనే ఉంటుంది. సారె లేదు. మట్టిని తాళ్లలా చేసి ఒకదానిమీద ఒకటి చుట్టి, గీకి, నునుపు చేసి, ఆరుబయట కట్టెలతో కాలుస్తారు. అభ్రకం రేకుల వల్ల వేడికి చప్పున పగలదు, నేరుగా మంటమీద పెట్టొచ్చు. అంటే పుట్టుకతోనే వంటకుండ!

మా ఇంటికొచ్చినవాళ్లు ముందు దాని ధర అడుగుతారు. ఆ తర్వాత, "దీన్ని పొయ్యిమీద పెడతావా, పిచ్చా నీకు?" అంటారు.

ధర గురించి నాకు పేచీ లేదు. ఒకప్పుడు వీటిని వంటసామాను కింద తీసిపారేసి, రంగుల బొమ్మల కుండలకీ నల్లగా మెరిసేవాటికీ పెద్దపీట వేసేవారు. 2001లో శాంటా ఫే ఇండియన్ మార్కెట్లో నాంబేకి చెందిన లానీ విహిల్ చేసిన అభ్రకపు కుండకి అన్నిటికన్నా పెద్ద బహుమతి వచ్చింది. వాషింగ్టన్‌లో ఉద్యోగం వదిలి ఊరికొచ్చి మట్టి పట్టినాయన. ఆ గౌరవం రావాల్సిందే. పికురిస్ వాళ్లయితే మట్టి కోసమే పోట్లాడాల్సి వచ్చింది. వాళ్లు మట్టి తెచ్చుకునే చోటుని అభ్రకం కోసం ఒక గని కంపెనీ ఏళ్లపాటు తవ్వేసింది. చివరికి 2000ల్లో ఆ నేలని తిరిగి దక్కించుకున్నారు. అలాంటి మట్టితో చేసినదానికి బేరమాడే నోరు నాకు లేదు.

నా పేచీ అల్లా అద్దాల బీరువాతో. మనకిది కొత్త కాదు. మట్టి దాకలు పెరట్లోకి విసిరేసి సత్తు గిన్నెలు తెచ్చుకున్నాం, ఇప్పుడు అవే దాకలు హాల్లో పూలకుండీలయ్యాయి. చేపల పులుసు మాత్రం నాన్‌స్టిక్‌లో! వండే చేతులు మానేస్తే, వంటకుండ చేసే చేతులు ఎన్నాళ్లుంటాయి?

నా కుండ అడుగు ఇప్పటికే నల్లబడింది. కందిపప్పు ఉడికిస్తే దించాక కూడా చాలాసేపు కుతకుతమంటూనే ఉంటుంది. మీ దగ్గరా ఒకటుంటే బీరువాలోంచి దించండి. మొదటిసారి నీళ్లు పోసి సన్నసెగమీద పెట్టండి, ఒక్కసారిగా పెద్ద మంట వద్దు.