త్యాగం ఎవరిది? పేరు ఎవరికి?

విలియం కేరీ పేరెత్తగానే "సర్వం త్యాగం చేసిన మిషనరీ" అంటారు. 1814లో శ్రీరాంపూర్ నుంచి తెలుగు వ్యాకరణం అచ్చేయించిన మనిషి. ఆ పనికి నేనూ దణ్ణం పెడతాను. నా పేచీ అంతా ఆ "త్యాగం" అన్న మాటతోనే.

1793లో ఇండియా వెళ్దామంటే భార్య డొరోతీ రానంది. కడుపుతో ఉంది మరి. ఈయన పెద్దకొడుకుని వెంటేసుకుని బయల్దేరాడు. ప్రయాణం ఆలస్యమైతే వెనక్కొచ్చి మళ్ళీ అడిగారు. చెల్లెలు తోడొస్తేనే అని ఒప్పుకుని, చంటిబిడ్డతో ఓడెక్కింది. మరుసటేడు బెంగాల్లో అయిదేళ్ళ పీటర్ రక్త విరేచనాలతో పోయాడు. ఆ తర్వాత ఆవిడకి మతి చలించింది. 1807లో పోయేదాకా కోలుకోలేదు. ఆవిడని గదిలో పెట్టి, పక్కన ఈయన బైబిల్ అనువాదాలు చేసుకున్నాడు.

ఆయన నమ్మినదాని కోసం ఆయన కష్టపడ్డాడు, సరే. తను ఎంచుకోని పని కోసం ఆవిడ కొడుకునీ, మతినీ పోగొట్టుకుంది. పుస్తకాల్లో మాత్రం ఆవిడ "ఆయన భరించిన కష్టం"! ఇదెక్కడి న్యాయమండీ?

"ఆ రోజుల్లో ఆడవాళ్ళనెవరు అడిగార్లే" అంటారేమో. అడిగాడు కదా! ఆవిడ కాదంది కూడా. పిలుపు ఒక్కడికొచ్చింది, పలకాల్సింది మాత్రం ఇంటిల్లిపాదీ.

మనమేం తక్కువ తిన్లేదు లెండి. ఆన్‌సైట్ అనగానే పెట్టెలు సర్దేసి, "అంతా మీకోసమే కదా" అనేస్తాం. మీకోసమే అనేముందు వాళ్ళనో మాట అడిగామా? కాదంటే ఆగుతామా?