రాజధాని అసలు చరిత్ర అడంగల్‌లో ఉంది

రాజధాని చరిత్ర అనగానే ముఖ్యమంత్రుల ప్రకటనలు, శంకుస్థాపన తేదీలు, అసెంబ్లీ తీర్మానాలు గుర్తొస్తాయి. అమరావతి గురించి ఆ మాత్రం అందరికీ తెలుసు. 2014లో రాష్ట్రం విడిపోయింది. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో ప్రధాని శంకుస్థాపన చేశారు. 2019 డిసెంబరులో మూడు రాజధానులన్నారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ పనులు మొదలయ్యాయి. ఇది పైకి కనిపించే చరిత్ర. దీని కింద 29 గ్రామాల అడంగళ్లలో, పోలీసు కేసుల్లో, కూలి పోయిన కుటుంబాల్లో ఇంకో చరిత్ర ఉంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం రైతులు తెలుసుకోవాల్సింది దాన్ని. ఎందుకంటే అక్కడ పేదవాడి భూమి చేయి జారిన దారులన్నీ మన మండలాల్లోనూ ఉన్నాయి.

కేంద్రం వేసిన శివరామకృష్ణన్ కమిటీ 2014 ఆగస్టులో నివేదిక ఇచ్చింది. విజయవాడ, గుంటూరు మధ్య సారవంతమైన భూములను కదిలించవద్దని, రాజధాని కార్యాలయాలను వేర్వేరు చోట్ల పెట్టవచ్చని సూచించింది. కొద్ది రోజులకే రాజధాని విజయవాడ పరిసరాల్లోనే అని అసెంబ్లీలో ప్రకటన వచ్చింది. డిసెంబరులో సీఆర్‌డీఏ చట్టం చేశారు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం సామాజిక ప్రభావ అంచనా జరగాలి, పునరావాసం కల్పించాలి, ఏడాదికి రెండు మూడు పంటలు పండే సాగునీటి భూమిని చివరి ప్రయత్నంగా తప్ప తీసుకోకూడదు. భూసమీకరణ అనే కొత్త పద్ధతిలో ఈ మెట్లన్నీ తప్పించారు. సుమారు 34 వేల ఎకరాలు అలా చేరాయి.

పట్టా ఉన్న రైతుకు ఎకరాకు లెక్క చెప్పారు. మెట్టకు 1,000 గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. జరీబుకు 1,000 గజాలు, 450 గజాలు. పదేళ్లపాటు ఏటా కౌలు, మెట్టకు 30 వేలు, జరీబుకు 50 వేలు, ఏటా పది శాతం పెంపు. ఆ రైతుల్లో చాలామంది ఇష్టపడే ఇచ్చారన్నది నిజం. మరి సాగు చేస్తున్న కౌలు రైతుకు? ప్లాటు లేదు, కౌలు సొమ్ము లేదు. కూలి కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను. ఏడాది పొడవునా కూరగాయల తోటల్లో, అరటి తోటల్లో దొరికిన పనికి అదే బదులన్నారు. భూమి మీద బతికేవాళ్లందరిలో కాగితం మీద పేరున్నవాడినే ప్రభుత్వం మనిషిగా లెక్కపెట్టింది.

కాగితం ఉన్నా బలం లేనివాళ్ల సంగతి ఇంకా అన్యాయం. దళితులకు, ఇతర పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూములను ప్రభుత్వం ఉత్తినే లాక్కుంటుందన్న ప్రచారం మొదట్లో గ్రామాల్లో పాకింది. భయపడినవాళ్లు వచ్చిన ధరకు వదిలించుకున్నారు. ఆ తర్వాత 2016 ఫిబ్రవరిలో జీవో 41 వచ్చింది. అసైన్డ్ భూములకూ ప్లాట్లు అన్నారు, అదీ పట్టా రైతుకు ఇచ్చినంత కాదు. లాభం కొన్నవాళ్లకు పోయిందన్న ఫిర్యాదుపై 2021లో సీఐడీ కేసు పెట్టింది, హైకోర్టు స్టే ఇచ్చింది. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమి అమ్మకం చెల్లదు, కొన్నవాడికి హక్కు రాదు. రాజధాని నడిబొడ్డున ఆ చట్టం పేదవాడిని కాపాడలేకపోయింది.

నేరం సంగతి కూడా చూడాలి. 2014 డిసెంబరు చివర్లో ఒక రాత్రి కృష్ణ ఒడ్డు గ్రామాల్లో అరటి తోటల వెదురు గడలు, డ్రిప్ పైపులు, షెడ్లు తగలబడ్డాయి. పార్టీలు ఒకరి మీద ఒకరు వేలు చూపించుకున్నాయి. రాజధాని ఎక్కడో ముందే తెలుసుకుని భూములు కొన్నారన్న కేసును 2021 జనవరిలో హైకోర్టు కొట్టేసింది, జూలైలో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. పెద్దల కేసులు కోర్టుల్లో తిరుగుతుండగా రైతులకు దక్కింది వేరు. 2020 అక్టోబరులో కృష్ణాయపాలెం రైతులను చేతులకు సంకెళ్లు వేసి జైలుకు తరలించారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద పెట్టిన ఆ కేసులో ఎస్సీ రైతులనే నిందితులుగా చేర్చారు! 2021 నవంబరులో బయలుదేరిన అక్కడి రైతులు, ఆడవాళ్లు ముందు నడిచి, తిరుపతి దాకా పాదయాత్రగా వచ్చారు. 2022 మార్చి 3న హైకోర్టు మూడు నెలల్లో ప్లాట్లు అభివృద్ధి చేసి ఇవ్వమంది. నవంబరులో గడువుల మీద సుప్రీంకోర్టు స్టే వచ్చింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా నిందితుల పేర్లు మారాయి. ఎదురుచూసేవాళ్లు మాత్రం వాళ్లే.

ఇప్పుడు మన వైపు చూద్దాం. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో ఫైళ్లు కాలిపోయాయి. అది ప్రమాదంలా లేదని స్వయంగా డీజీపీ వచ్చి చెప్పారు. ఆ తర్వాత భూమి సమస్యల అర్జీలతో జనం బారులు తీరారు. డీకేటీ పట్టాలు, చుక్కల భూములు, నిషేధిత జాబితాలో 22ఎ కింద పడిన సర్వే నెంబర్లు మన రైతుకు కొత్త కావు. 20 ఏళ్లు దాటిన అసైన్డ్ భూమిపై పూర్తి హక్కు ఇస్తామని 2023లో చట్టం సవరించారు. అక్రమాలు జరిగాయంటూ 2024లో ఆ రిజిస్ట్రేషన్లు ఆపారు. అక్రమం చేసినవాడిని పట్టుకోవాల్సిందే. కానీ నిజమైన పేదరైతు ఫైలు కూడా అదే కట్టలో ఆగిపోయింది.

కుప్పంలో 2019 జనవరిలో శంకుస్థాపన చేసి వదిలేసిన విమానాశ్రయం మళ్లీ కదిలింది. రామకుప్పం, శాంతిపురం మండలాల్లో భూమి అడుగుతున్నారు. రేపు పుంగనూరు, మదనపల్లె చుట్టూ ఇంకేదైనా రావచ్చు. అభివృద్ధి వద్దని మన సంఘం అనదు. చట్టం ప్రకారం రమ్మంటుంది.

ఎదురునిలిచి గెలిచినవాళ్లు మనకు దగ్గర్లోనే ఉన్నారు. మన టమాట లారీలు పోయే బెంగళూరు కూడా రాజధానే. దాని అంచున దేవనహళ్లి వద్ద 13 గ్రామాల్లో 1,777 ఎకరాలు పారిశ్రామిక అవసరాలకు తీసుకుంటామని కర్ణాటక ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చింది. రైతులు మూడేళ్లకు పైగా కూర్చున్నారు. భూమి ఉన్నవాళ్లు, లేనివాళ్లు కలిసే కూర్చున్నారు. 2025 జూలై 15న ప్రభుత్వం ఆ సేకరణను విరమించుకుంది.

అందుకే మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. భూమి ఏ పేరుతో తీసుకున్నా 2013 చట్టమే కొలమానం కావాలి. ఆ చట్టం కౌలు రైతును, మూడేళ్లుగా ఆ భూమి మీద బతికే కూలీని కూడా బాధిత కుటుంబంగా గుర్తిస్తుంది. డీకేటీ భూమికి పట్టా భూమితో సమాన పరిహారం ఇవ్వాలి. మదనపల్లె ఫైళ్ల కేసులో ఎవరి భూమి కాగితాలు కాలాయో గ్రామాల వారీగా జాబితా ప్రకటించి, రైతు దగ్గరున్న నకళ్లతో రికార్డు తిరిగి కట్టాలి.

మనం చేయాల్సిందీ ఉంది. అడంగల్, 1బి నకళ్లు ఈ నెలలోనే తీసి పెట్టుకోండి. పాత పట్టా చిరిగిపోకముందే జిరాక్సు తీయించండి. కౌలు రైతులు పంట సాగుదారు కార్డుకు పట్టుబట్టండి, భూయజమానులు సంతకం పెట్టడానికి వెనకాడవద్దు. ప్రభుత్వం ఊరికే తీసుకుంటుందట అని ఎవరైనా చెవిలో చెబితే అమ్ముకోకండి, ముందు సంఘం దగ్గరకు రండి. అమరావతి పేదలు మోసపోయింది ఆ ఒక్క మాటతోనే.