మాంద్యకాలంలో ఒక నృత్యగీతం

దేశానికి కష్టం వచ్చినపుడు కవి విషాదాన్నే పాడవలెనని మన విమర్శకులలో ఒక నమ్మకం పాతుకొని ఉన్నది. అట్టి వేళ సంతోషగీతం వినబడినచో, అది పలాయనమనీ వర్తకుల మాయ అనీ తీర్పు చెప్పి ఊరుకొనుట సులభం. 1999 సెప్టెంబరు 9వ తేదీన జపానులో వెలువడిన 'లవ్ మెషీన్' అనే పాట ఈ తీర్పునకు లొంగదని నా అభిప్రాయం.

పాడినది 'మార్నింగ్ ముసుమె' బృందం. ముసుమె అనగా అమ్మాయి. ఉదయం పూట కాఫీ హోటళ్ళలో ఒకే ధరకు పలు రకాలు కలిపి ఇచ్చే ఫలహారాన్ని తలచి పెట్టిన పేరట అది! వీరు గెలిచి వచ్చినవారు కారు. 1997లో ఒక టెలివిజను కార్యక్రమం వారు జరిపిన గాయనీమణుల పోటీలో ఓడిన ఐదుగురిని పిలిచి, ఐదు రోజులలో 50,000 ప్రతులు స్వయంగా అమ్మినచో అవకాశమిత్తుమన్నారు. ఆ నవంబరులో నాలుగు నగరాలు తిరిగి అమ్మినారు. సరిగా అదే నెలలో, నూరేళ్ళ చరిత్ర గల యమాయిచి సెక్యూరిటీస్ సంస్థ కుప్పకూలినది. తప్పు తమదే గాని ఉద్యోగులది కాదని దాని అధ్యక్షుడు కెమెరాల ఎదుట వలవల ఏడ్చినాడు. హొక్కైదో తకుషోకు బ్యాంకు పతనమైనది కూడ ఆ నెలలోనే.

1989 చివర 38,915 వద్ద నిలిచిన నిక్కీ షేర్ల సూచి 1998లో 13,000కు దిగువకు జారినది. ఆ పాత శిఖరాన్ని మరల దాటినది 2024 ఫిబ్రవరిలో మాత్రమే. 1999లో నిరుద్యోగం 4.7 శాతం. ఈ అంకె మనకు అల్పంగా తోచవచ్చు. కాని చేరిన కొలువులోనే తల నెరయునన్న భరోసాతో కాపురాలు కట్టుకొన్న జాతికి అది పిడుగుపాటు. చదువు ముగించి వచ్చిన యువతరం ఎదుర్కొన్న ఆ కాలానికి 'ఉద్యోగాల హిమయుగం' అని పేరు పడినది.

ఈ హిమయుగంలో త్సుంకు అనే గాయకుడు ఆ పాట వ్రాసి, స్వరపరచినాడు. అంతకు రెండు నెలల ముందు ఇదే బృందం చేత పాడించిన, స్వస్థలాన్ని తలచుకొనే మంద్రగీతం ఆశించినంతగా ప్రజలను తాకలేదు. ఈసారి డిస్కో బాణీ పట్టినాడు. వాద్యసమ్మేళనం 'డాన్స్ మాన్' అనే ఆయనకు అప్పగించినాడు. 1970ల నాటి అమెరికా డిస్కో పాటలకు జపాను మాటలు కట్టి పాడుట ఆయన విద్య. ఇందులో ఒక ఔచిత్యమున్నది. ఆ బాణీని పెంచి పోషించినది అమెరికాలోని నల్లవారు, లాటిన్ జాతులవారు, స్వలింగ ప్రేమికులు; అనగా ఇతర చోట్ల ఆదరం దొరకనివారు. 1979 జూలై 12న షికాగో బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులను గుట్టపోసి పేల్చివేసినారు కూడ. కడుపు నిండిన వారి కేరింతగా పుట్టిన తాళం కాదది.

మాటల సంగతి మరింత విశేషం. ప్రేమగీతంలో వెన్నెల ఉండవలె, కోకిల ఉండవలె. ఇందులో ఉన్నవి మాంద్యం, ద్రవ్యోల్బణం, ఉద్యోగపు దరఖాస్తు! వ్యాపారం ఎంత కుంగినా ప్రేమ ధర మాత్రం పెరుగుతూనే ఉండునని కవి చమత్కారం. ద్రవ్యోల్బణమన్నచో మనం బియ్యం ధర తలచుకొని ఉలిక్కిపడుదుము. ధరలు పడిపోవుటయే రోగమైన దేశంలో ఆ మాట ఆశీర్వచనం వంటిది. జపాను భవిష్యత్తును చూచి లోకం అసూయపడునని కూడ పాటలో ఒక ధీమా కలదు. అది నిజమని పాడినవారు గాని విన్నవారు గాని నమ్మినారనుకోను. నమ్మనిదానిని పదిమందితో కలిసి చిందులు వేస్తూ అనుట వేరు, ఒంటరిగా కూర్చుండి నమ్ముట వేరు. 16 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైనవి; కొన్నవారంతా మోసపోయినారనుట వారిని అవమానించుటయే.

అట్లని ఈ వ్యాపారాన్ని నేను వెనకేసుకొని రాను. పాట నడుమ నిలిపిన కొత్త పిల్లకు అప్పటికి పదమూడేండ్లు మాత్రమే నిండినవి. బడికి పోవలసిన బాలికను రాత్రికి రాత్రి దేశానికి తారను చేయుట ఎవరి మేలు కొరకో విచారింపవలసినదే. అంతకంటె నాకు మింగుడుపడనిది మరొకటి. ప్రేమింపుడని ఊరందరికీ చెప్పే ఈ అమ్మాయిలు తాము మాత్రం ప్రేమింపరాదు. వ్రాతలో ఉన్నను లేకున్నను, ఆ వృత్తిలో అందరూ ఎరిగిన కట్టడి అది. ఈ పాట పాడిన వారిలో ఒకామె, ఒక నటునితో తన స్నేహం పత్రికకెక్కగా, 2005 ఏప్రిలులో బృందాన్ని విడిచి వెళ్ళవలసి వచ్చినది. అప్పటికి ఆమె బృంద నాయకురాలు.