పూలకొట్టు బోర్డు మీద మన ఊరి పేరేదీ?

అరసవల్లి గుడి దారిలో పొద్దున్నే ఒకసారి నడిచి చూడండి. పూలకొట్టు ముందు బంతి దండలు తలకు తగిలేలా వేలాడుతుంటాయి. కింద గంపలో మల్లెలు, కనకాంబరాలు తడిగుడ్డ మీద చుట్టలుగా పేర్చి ఉంటాయి. కొట్టువాళ్లు మధ్యమధ్య నీళ్లు చిలకరిస్తూనే ఉంటారు. చీకటి పడితే పచ్చని బల్బు వెలుగుతుంది. ఆ వెలుగులో నిన్నటి చామంతి కూడా ఇప్పుడే కోసినట్టు కనిపిస్తుంది. ఇదేదీ ఊరికే జరగదు. దారినపోయేవారిని ముందు రంగు ఆపుతుంది, తర్వాత వాసన పిలుస్తుంది, ధర అడిగేది ఆఖరున. కొట్టు సర్దేది కూడా ఆ వరుసలోనే.

పట్నాల్లో పెద్ద కొట్లు ఇంకో అడుగు ముందున్నాయి. అద్దాల వెనుక చల్లని గదిలో గులాబీలు, జెర్బెరాలు పెడతారు. పెళ్లి మండపాలు అలంకరిస్తామని బయట పెద్ద బోర్డు కడతారు. అలంకరించిన ప్రతి మండపం ఫొటో వాట్సాప్‌లో తిరుగుతుంది.

కొట్టువాళ్లను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. రాత్రికి మిగిలితే వాడిపోయే సరుకుతో బతకడం వాళ్లకీ తేలిక కాదు. మా ప్రశ్న ఒక్కటే: ఈ ఆకర్షణ వల్ల పెరిగే ధరలో పూలు పండించినవాడి వాటా ఎంత? మనం కిలోల్లో అమ్ముతాం, కొట్టులో మూరల్లో అమ్ముతారు. కిలోకూ మూరకూ మధ్య ఉన్నవి దారం, ఆడవాళ్ల చేతిపని, నీళ్లు, దీపం, బోర్డు. కూలి కూడా గిట్టక బంతిని చేనులోనే వదిలేసిన రోజున సైతం కొట్టులో మూర ధర ఆ మేరకు దిగిరాదు.

నష్టం మాత్రం చేను దగ్గరే ఆగిపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ మన కళింగపట్నం దగ్గరలోనే తీరం దాటింది. అప్పటికి దసరా మూడు వారాలైనా లేదు. ఒక తుపానుది సీతాకోకచిలుక పేరు, ఇంకోదానిది గులాబీ పేరు. పేర్లు తోటలవే, దెబ్బ తిన్నవీ తోటలే.

కొట్టు బోర్డు మీద అన్నీ ఉంటాయి, పూలు ఏ ఊళ్లో పండాయో తప్ప. ఊరి పేరుకు విలువ లేదా? పలాస జీడిపప్పు అని రాసుకోని కొట్టు ఎక్కడుంది? ఖాదీ అనగానే పొందూరు గుర్తొస్తుంది. మొక్కలంటే కడియం. ఆ ఊళ్లకు పేరే ప్రకటన.

ఆ పేరు ఒక్కరితో రాదు. అమెరికాలో పూల దుకాణదారులు 1910లోనే సంఘం కట్టి, దూరపు ఊళ్ల ఆర్డర్లను తంతి ద్వారా ఒకరికొకరు పంపుకున్నారు. నెదర్లాండ్స్‌లోని ఆల్స్‌మీర్ ప్రాంతపు పూల రైతులు 1911లో సొంతంగా వేలం మొదలుపెట్టారు. నేడు ప్రపంచంలోనే పెద్దదైన ఆ పూల మార్కెట్టు రైతుల సహకార సంఘం చేతిలోనే ఉంది.

మనం అంత దూరం ఆలోచించక్కర్లేదు. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ప్రకారం వేర్వేరు కుటుంబాలకు చెందిన పదిమంది చేరితే సంఘం పెట్టుకోవచ్చు. గార మండలంలో పూలు వేసే రైతులు ముందుగా ఆ పని చేయాలి. వచ్చే రథసప్తమికి అరసవల్లిలో ఒక కొట్టు, పండగ రోజుల్లో శ్రీకూర్మంలో ఒక కొట్టు పెట్టి చూద్దాం. స్థలం కోసం దేవస్థానాలకు ఇప్పుడే అర్జీలు ఇవ్వాలి. దండలు కట్టే ఆడవాళ్ల కూలి ముందుగా తేల్చాలి. వాళ్ల కూలి కోసి మన లాభం చూసుకుంటే మనకూ దళారికీ తేడా ఉండదు. దండలు వేలాడదీయడం, తడిగుడ్డ, పచ్చని దీపం వంటి విద్యలు కొట్టువాళ్ల దగ్గరే నేర్చుకుందాం, సిగ్గేమీ లేదు.

బోర్డు మీద మాత్రం పెద్ద అక్షరాలతో పూలు పండిన ఊరి పేరు రాద్దాం. ఏ రోజు కోసినవో కింద రాద్దాం. నిన్నటి పువ్వును ఈ రోజుదని అమ్మకపోవడమే మన ప్రకటన కావాలి. ఎవరు ఎన్ని సెంట్లలో ఏ పూలు వేస్తున్నారో రాసుకుని వచ్చే నెల సమావేశానికి రండి. లెక్క అక్కడే మొదలుపెడదాం.