నవల సాక్ష్యమగునా?

మోకిలలో మేమీ నడుమ రెండు పుస్తకములు చదివితిమి: దాసరి సుబ్రహ్మణ్యము గారి ‘తోకచుక్క’, అడివి బాపిరాజు గారి ‘గోన గన్నారెడ్డి’. మొదటిదానిలోని మాంత్రికులను పసివాడైనను చరిత్రయని నమ్మడు. రెండవది యట్లు కాదు. రుద్రమదేవి కొఱకు గజదొంగయైన యా వీరుని మేమును ప్రేమించితిమి, దాచనేల? కాని 2015లో ‘రుద్రమదేవి’ చలనచిత్రము వచ్చిన పిదప ఆ దొంగతనమే చరిత్రయని చదువుకొన్నవారు సైతము మాతో వాదించుచున్నారు! న్యాయవాదులము, వాదము వేఱు, సాక్ష్యము వేఱని యెఱుగుదుము. గన్నారెడ్డి సేనాని విఠలుడు రాయచూరు కోట కట్టించెనని 1294 నాటి శాసనము చెప్పుచున్నది. రుద్రమ మరణమును దెలుపు 1289 నాటి చందుపట్ల శాసనము నల్లగొండ జిల్లాలోనే దొరకినది. దానిని చదివినవారెందఱు? ప్రకాశకులారా! శాసనము చెప్పినదెంతయో, రచయిత కల్పించినదెంతయో నవల చివర రెండు పుటలలో అచ్చువేయుడు. ఆపాటి కాగితమునకు వెనుదీయుదురా?