పగడము లేని పగడపు తొట్టి

మన కళాశాల గ్రంథాలయపు ముందుగదిలో ఉప్పునీటి చేపల తొట్టి ఒకటి నెలకొల్పవలెనని విద్యార్థులు అర్జీ పెట్టుకొన్నారు. రంగురంగుల పగడములతో చిన్న సముద్రమును కళ్ళకు కట్టించవలెనని వారి ఉత్సాహము. ఆ అర్జీని పరిశీలించువారిలో నేనును ఒకడను. జంతుశాస్త్ర మిత్రులుండగా తెలుగు ఉపన్యాసకునికి ఇందులో ఏమి పని అని పాఠకులు అనుకొనవచ్చును. రెండు సంవత్సరములు మా యింట అట్టి తొట్టిని పెంచి చేతులు కాల్చుకొన్నవాడను కావున నా అభిప్రాయమును విన్నవించుచున్నాను. తొట్టి పెట్టవలసినదే. కాని అందులో పగడము ఉండరాదు.

మన కవులకు పగడము నవరత్నములలో ఒకటి, నాయిక పెదవికి ఉపమానము. సూరా అర్‌రహ్మాన్‌లో ముత్యముతోపాటు పేర్కొనబడిన మర్జాన్‌ను అనువాదకులలో ఎక్కువమంది పగడమనియే చెప్పినారు. కనుక తెలుగు తరగతిలోను, ఉర్దూ తరగతిలోను అది రత్నమే. జీవశాస్త్రములో మాత్రము అది జంతువు. సున్నపు గూడు కట్టుకొని, తన ఒంటిలో సూక్ష్మమైన నాచుకణములకు చోటిచ్చి, అవి వెలుతురుతో వండిపెట్టిన ఆహారముతో బ్రతుకుచుండును. నీరు మితిమీరి వేడెక్కినచో ఆ పొత్తు చెడి, నాచుకణములు వెడలిపోయి, పగడము తెల్లబడును. 2024లో ప్రపంచములోని అనేక సముద్రములలో ఇట్లు జరిగినది. మన లక్షద్వీపములలోను జరిగినది. గోదావరి, కృష్ణల ఒండ్రునీరు కలియు మన తీరమున పెద్ద పగడపు దిబ్బలు లేవు గనుక విద్యార్థులకు వాటిని చూడవలెనను కోరిక కలుగుట సహజమే. రామేశ్వరము ప్రక్కనున్న మన్నారు సింధుశాఖలో అవి ఉన్నవి. విహారయాత్రకు అచటికి పోవచ్చును.

చట్టము మాట కూడ చెప్పవలెను. దిబ్బలు కట్టు గట్టి పగడములన్నియు, నల్లపగడములు, సముద్రపు విసనకర్రలు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేరినవి. పులికి గల రక్షణయే వాటికిని కలదు. సముద్రపు గుర్రములకును అంతే. "ఎవరు చూడవచ్చినారు, తెచ్చి ఇచ్చెదను" అని దుకాణదారుడు అనవచ్చును. నాతోనూ ఒకడు అన్నాడు.

ఇక తొట్టి సంగతి. క్రొత్తవారు చిన్నది సులభమని భ్రమపడుదురు. నిజము దానికి విరుద్ధము. నీరెంత తక్కువయో దాని గుణము అంత త్వరగా మారును. 60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు గల తొట్టిలో సుమారు 120 లీటర్లు పట్టును. అంతకు తగ్గరాదు. బోరునీరు పనికిరాదు, రివర్స్ ఆస్మాసిస్ యంత్రమున వడపోసినది కావలెను. వంటింటి ఉప్పును వాడరాదు. సముద్రజలమందు కాల్షియము, మెగ్నీషియము మొదలగునవి కూడ ఉండును గనుక అందుకై తయారుచేసిన ఉప్పునే లీటరుకు 35 గ్రాముల చొప్పున కలుపవలెను. పగడపు రాళ్ళకు బదులు మనుషులు చేసిన ఎండురాళ్ళను పేర్చవలెను.

తరువాత ఏమియు చేయరాదు. ఇదియే అన్నిటికంటె కష్టము. నేను నీరు తేటగా నున్నదని నాలుగవనాడే చేపలను వదలినాను. వారము తిరుగకముందే అన్నియు చచ్చినవి. చేపల విసర్జనమునుండి పుట్టు అమ్మోనియా విషము. దానిని నైట్రైటుగాను, నైట్రైటును నైట్రేటుగాను మార్చు సూక్ష్మజీవులు రాళ్ళపై పెరుగుటకు నాలుగైదు వారములు, ఒక్కొక్కప్పుడు అంతకుమించియు పట్టును. ఆ సూక్ష్మజీవులకు మేతగా కొద్దిగా అమ్మోనియా వేయుచు, పరీక్షించుచు, అమ్మోనియా, నైట్రైటు రెండును శూన్యమగువరకు ఖాళీ తొట్టిని చూచుచు కూర్చుండవలెను. మొదట గోధుమరంగు పొర, పిమ్మట పచ్చని నాచు పట్టును. చూచినవారు నవ్వుదురు. నవ్వనిండు.

నా రెండవ తప్పు వేసవిలో జరిగినది. నీరు తగ్గినకొలది ఉప్పునీరే పోసినాను. ఆవిరియగునది నీరే, ఉప్పు కాదు. ఉప్పు పెరిగి మిగిలిన చేపలు కూడ నలిగినవి. తగ్గినదానికి మంచినీరు పోసి, వారమునకు పదవవంతు నీటిని మాత్రము క్రొత్త ఉప్పునీటితో మార్చవలెను.

ఇంగ్లండులో అన్నా థిన్ అను మహిళ 1846లో టార్కే తీరమునుండి పగడములను లండనులోని తన యింటికి తెచ్చుకొన్నది. నీటికి గాలి సోకుటకై పనిమనిషి ప్రతిదినము అరగంటకు పైగా దానిని ఎత్తి పోయవలసివచ్చెడిది. కరెంటు పోయిన ఒక రాత్రి చెంబుతో నీరెత్తి పోయుచు ఆ పనిమనిషిని తలచుకొన్నాను. అన్నా థిన్ పేరు పుస్తకములలోనికి ఎక్కినది. ఆ పనిమనిషి పేరు నాకు ఎచటను కనబడలేదు.

తొట్టి కుదిరిన పిమ్మట ఒక జత క్లౌన్ చేపలు చాలును. వాటిని తొట్లలోనే పొదిగించి పెంచు విధానమును కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ వారు మన దేశములోనే సాధించినారు. సముద్రములో పట్టిన చేపలు మనకు వద్దు.

నా ఆక్షేపణ ఒక్కటి మిగిలినది. ఇరువది ఏడు డిగ్రీలు దాటనీయరాని నీటికి ప్రమాదకాలము మే నెల. మన కళాశాలకు తాళము పడునది ఆ నెలలోనే. అర్జీలో నలువది మంది సంతకములున్నవి. సెలవులలో ఆ గది తాళపుచెవి ఎవరి వద్ద నుండునో, కరెంటు పోయిన రాత్రి ఎవరు వచ్చెదరో అందులో వ్రాసి తెచ్చిననాడు నేనును సంతకము చేయుదును.