పాకం వాసన

మొదట కనిపెట్టింది మా అత్తయ్యగారు. మే నెలలో మా ఇంటికొచ్చిన కొత్తల్లో, గరాజ్‌లోంచి లోపలికి వస్తూ "ఏదో పాకం వాసన వస్తోందే అమ్మాయ్" అన్నారు. "ఇక్కడ పాకం ఎక్కడ అత్తయ్యా!" అని నవ్వేశాను. కారు కింద గులాబీరంగు చుక్కలు నేనూ చూశాను. పాప రంగులేమో అనుకుని తుడిచేశాను.

ఆ కారు 2009 మోడల్. 2015లో కొందరు హెచ్‌4 వాళ్ళకి పని చేసుకునే అనుమతి వచ్చాక, నా మొదటి ఉద్యోగం జీతంతో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. దానికి ముందు పాల డబ్బా కావాలన్నా మావారు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగాల్సిందే. అందుకే అదంటే నాకంత ప్రాణం.

కూలెంట్ లైటు వెలిగినప్పుడల్లా ఓ సీసాడు మంచినీళ్ళు పోసేదాన్ని. లైటు ఆరిపోయేది, నేనూ మర్చిపోయేదాన్ని. ఇలా ఆరు వారాలు గడిచాయి.

జులైలో ఓ శనివారం, డాలస్ ఎండ మీకు తెలుసుగా, పాపని కూచిపూడి క్లాసుకి తీసుకెళ్తున్నాను. మావారు ఇండియాలో ఉన్నారు. ముందు ఏసీలోంచి వేడిగాలి మొదలైంది. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే పెడల్ ఎంత తొక్కినా కారు ముప్ఫై మైళ్ళు దాటదు. వెనక ట్రక్కు హారన్. చూస్తే టెంపరేచర్ ముల్లు ఎర్రగీతలో ఉంది. వెనక సీట్లో అత్తయ్యగారు ఆంజనేయస్వామిని తలుచుకుంటున్నారు.

ఇంజన్ మరీ వేడెక్కితే, కాలిపోకుండా కంప్యూటరే పవర్ తగ్గించేస్తుందని, ఏసీ కూడా ఆపేస్తుందని తరవాత తెలిసింది. అప్పుడు నాకు గుర్తొచ్చింది ఒక్కటే: హీటర్ ఫుల్‌గా పెడితే ఇంజన్ వేడి కొంత బయటికి లాగుతుందని. ఆ ఎండలో హీటర్ పెట్టి, కిటికీలు దించి, ఎలాగో కిందికి దిగి పక్కకి ఆపాను. రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోలేదు. వేడి మీద తీస్తే లోపలి ప్రెజర్‌కి మరుగుతున్న కూలెంట్ మొహం మీదకే చిమ్ముతుంది. టో ట్రక్ వచ్చేదాకా ఓ చెట్టు నీడన నిలబడ్డాం.

మొదటి షాపతను బానెట్ ఎత్తి చూసి, "హెడ్ గాస్కెట్ పోయింది, మూడు వేల డాలర్లవుతుంది, కారుకే అంత విలువ లేదు" అన్నాడు. ఫోన్లో మావారు "ఇంక అమ్మేద్దాం" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. అయినా అడిగాను: "ఏ పరీక్ష చేసి చెబుతున్నారు?" సమాధానం లేదు.

రెండో షాపులో పెద్దాయన, చల్లారిన ఇంజన్‌కి చేతిపంపు బిగించి 15 పీఎస్ఐ దాకా ప్రెజర్ ఎక్కించాడు. ముల్లు మెల్లగా దిగింది. టార్చి వేసి చూపించాడు. వాటర్‌పంపు కింద చిన్న రంధ్రం, దాని చుట్టూ గులాబీరంగు పొరలా ఎండిన మరక. తరవాత ఇంజన్ నడుస్తుండగా రేడియేటర్ మూతి దగ్గర ఓ గొట్టంలో నీలం ద్రవం పెట్టాడు. గాస్కెట్ పోయి మండిన గ్యాస్ కూలెంట్‌లోకి వస్తుంటే అది పసుపు రంగుకి తిరుగుతుందట. నీలంగానే ఉండిపోయింది. ఆయిల్ పుల్ల తీసి చూపించాడు, పాలు కలిసినట్టు తెల్లగా లేదు. వాటర్‌పంపు, థర్మోస్టాట్, బెల్టు కలిపి 640 డాలర్లయింది.

"ఇంకో రెండు మైళ్ళు నడిపుంటే మొదటాయన చెప్పిందే నిజమయ్యేది" అన్నాడు డబ్బు తీసుకుంటూ. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది. ఆరు వారాలు నేను పోసిన నీళ్ళు జబ్బుని దాచాయంతే.

మీలో పాత కారు నడిపేవాళ్ళుంటే ఇవి గుర్తుంచుకోండి. ఏసీ నడిచాక కారు కింద పడే రంగులేని నీళ్ళు మామూలే. ఆకుపచ్చగా, గులాబీగా, నారింజగా ఉంటే మాత్రం కూలెంటే. తియ్యటి వాసనున్నా అది విషం, పిల్లల్నీ కుక్కల్నీ దగ్గరికి రానివ్వకండి. కార్పెట్ తడిసి అదే వాసన వస్తే హీటర్ కోర్ చూపించండి. పదేపదే నీళ్ళు పోయాల్సి వస్తోందంటే ఎక్కడో కారుతోందనే. ప్రెజర్ టెస్ట్ చేయకుండా ఎవరు పెద్ద రిపేరు చెప్పినా ఒప్పుకోకండి.

అత్తయ్యగారు ఇండియా వెళ్ళిపోయారు. ఫోన్ చేసినప్పుడల్లా నా ఆరోగ్యం కంటే ముందు అడిగేది, "గరాజ్‌లో వాసన వస్తోందా అమ్మాయ్?" అనే. ఇప్పుడు నవ్వను. వెళ్ళి చూసొచ్చి చెబుతాను.